జ్వరాన్ని పుట్టించే ప్రోటీను

జ్వరం ఎరుగని మనిషి లేడు. ఒళ్ళు కాలిపోవటం, రెండు దుప్పట్లు కప్పుకున్నా చలి తీరకపోవటం, కీళ్ళు పీకటం, నోరు చేదెక్కటం మనందరి అనుభవంలోనివే. ఇబ్న్ సీనా తన వైద్యగ్రంథమైన ‘అల్ ఖానూన్’లోని నాల్గవ భాగాన్ని జ్వరాల చర్చతోనే ఆరంభించాడు. మన ప్రాంతపు చరిత్రలోను జ్వరానికొక స్థానమున్నది. 1897 ఆగస్టులో సికింద్రాబాదు చేరువలోని బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. అయితే రాస్ పరిశోధన జ్వరం ఏ దారిన వచ్చి చేరుతున్నదో తెలిపింది. క్రిమి ఒంట్లో ప్రవేశించిన పిమ్మట ఒళ్ళు ఎందుకు వేడెక్కుతుంది? ఆ వేడిని పుట్టించేది క్రిమియా, లేక మన శరీరమేనా? ఈ ప్రశ్నకు సందేహరహితమైన సమాధానం దొరకటానికి అప్పటి నుండి దాదాపు 90 ఏళ్ళు పట్టింది.

నేను భాషాబోధకుడను, విజ్ఞానశాస్త్రం నా అధ్యయన విషయం కాదు. ఈ ప్రశ్న వైపు నన్ను మళ్ళించినది మన కళాశాలలోనే చదివి, ప్రస్తుతం హైదరాబాదులోని ఒక పరిశోధనశాలలో పనిచేస్తున్న ఒక పూర్వ విద్యార్థిని. నేనొకమారు ఆ ప్రయోగశాలను చూడబోయినప్పుడు, ఆమె చలిపెట్టె నుండి చిటికెనవేలి కొసంత గొట్టమొకటి తీసి చూపి, “ఇందులో జ్వరమున్నది సార్” అన్నది.

వెలుతురుకెత్తి చూశాను. ఏమీ కానరాలేదు. “ఖాళీగా ఉన్నదేమమ్మా?” అన్నాను.

“అడుగున పొరలాగా అంటుకొని ఉన్నది సార్. 10 మైక్రోగ్రాములు. కంటికి ఆనదు.”

10 మైక్రోగ్రాములంటే గ్రాములో లక్షవ వంతు. చీటీ మీద దాని పేరు ‘పునస్సంయోజిత మానవ ఇంటర్‌ల్యూకిన్-1 బీటా’ అన్న అర్థం వచ్చేలా వ్రాసి ఉన్నది. దాని క్రింద, పరిశోధనకు మాత్రమే వాడవలెననీ, మనుషులకు ఇవ్వరాదనీ హెచ్చరిక ఉన్నది. ఆ హెచ్చరిక ఊరక వ్రాసినది కాదు. శరీరపు బరువులో ప్రతి కిలోకు 1 మొదలు 10 నానోగ్రాముల వరకు ఈ పదార్థాన్ని రక్తంలోనికి ఎక్కిస్తే మనిషికి జ్వరం వస్తుంది. 60 కిలోల మనిషికి పై మోతాదున లెక్కగట్టినా 600 నానోగ్రాములు. అనగా నాకు ఖాళీగా తోచిన ఆ గొట్టంలో 16 మందిని మంచాన పడవేయగల సరుకున్నది!

ముందుగా పేర్ల సంగతి. ఇంగ్లీషులో ‘ఇన్‌ఫ్లమేషన్’ అనేదానిని మనవారు కొందరు ‘వాపు’ అనీ, కొందరు ‘తాపం’ అనీ వ్రాస్తున్నారు. క్రీస్తుశకం మొదటి శతాబ్దిలో రోమన్ రచయిత సెల్సస్ దీనికి నాలుగు లక్షణాలు చెప్పాడు: ఎరుపు, వాపు, వేడి, నొప్పి. ముల్లు గుచ్చుకున్న వేలిని మరునాడు చూసుకుంటే నాలుగూ కనబడతాయి. నాలుగింటిలో ఒకదాని పేరు మొత్తానికి పెట్టటం నాకు సరిగా తోచదు. ‘శోథ’ అన్న సంస్కృత పదానికి మూలార్థం వాపే అయినా, శాస్త్రగ్రంథాలలో అది నాలుగు లక్షణాలకూ కలిపి రూఢమయింది గనుక ఈ వ్యాసంలో దానినే వాడుతున్నాను. ఇక ‘సైటోకైను’ అన్న మాట కణమూ, చలనమూ అనే అర్థాలు గల గ్రీకు ధాతువుల నుండి పుట్టింది. ఒక కణం విడుదల చేయగా మరొక కణాన్ని కదిలించే ప్రోటీను అని భావం. ‘ఇంటర్‌ల్యూకిన్’ అంటే తెల్లకణాల నడుమ తిరిగేది. ఈ రెండవ పేరు 1979లో స్విట్జర్లాండులోని ఎర్మాటింగెన్ అనే ఊరిలో జరిగిన శాస్త్రజ్ఞుల సమావేశంలో స్థిరపడింది. అంతవరకు ఈ పదార్థానికి చాలా పేర్లుండేవి. జ్వరాన్ని పరిశోధించేవారు దానిని ‘అంతర్జనిత జ్వరకారకం’ అన్నారు. లింఫోసైటు కణాలను పరిశీలించేవారు ‘లింఫోసైటు ఉత్తేజకం’ అన్నారు. కీళ్ళలోని మృదులాస్థి ఎందుకు అరుగుతున్నదని వెదకినవారు ‘కేటబొలిన్’ అన్నారు. ఒకే మనిషికి ఇంట్లో ఒక పేరు, బడిలో ఒక పేరు, బజారులో మరొక పేరు ఉన్నట్లన్న మాట. ఎవరికి వారు తమ మనిషి వేరనే అనుకున్నారు.

ఇప్పుడు అసలు కథకు వద్దాము.

1892లో బెర్లిన్ నగరంలో రిచర్డ్ ఫైఫర్ కలరా క్రిములపై పరిశోధన చేస్తూ, చచ్చిన క్రిములు సైతం జంతువులకు ప్రాణాంతకం కావటాన్ని గమనించాడు. క్రిమి శరీరంలోనే ఇమిడి ఉండి, వేడికి లొంగని ఈ విషానికి ‘ఎండోటాక్సిన్’ అని పేరు వచ్చింది. మనం దీనిని అంతర్విషమందాము. ఇది ఒక జాతి బాక్టీరియాల పైపొరలో ఉండే, కొవ్వూ చక్కెరలూ కలిసిన పదార్థం. దీనిని లేశమాత్రం సూదిద్వారా ఎక్కించినా జ్వరం వస్తుంది.

ఆ రోజులలో సూది వేయించుకున్న రోగులకు తరచుగా కారణం తెలియని జ్వరం వస్తూ ఉండేది. మందులో దోషమున్నదని కొందరూ, ఉప్పునీటిలో ఉన్నదని కొందరూ భావించారు. అమెరికాలో ఫ్లోరెన్స్ సైబర్ట్ అనే యువతి 1923 ప్రాంతంలో దీని గుట్టు విప్పింది. దోషం స్వేదనజలంలో ఉన్నది! నీటిని మరిగించి ఆవిరిని చల్లార్చేటప్పుడు సన్నని తుంపరలు ఎగిరి అవతలి పాత్రలో పడుతున్నాయి; వాటి వెంట బాక్టీరియాల శిథిలాలూ చేరుతున్నాయి. తుంపరను అడ్డుకొనే ఏర్పాటుతో ఆమె స్వేదన యంత్రాన్ని మార్చగానే ఆ జ్వరాలు ఆగాయి. ఈ నీటి సంగతిని పాఠకులు గుర్తుంచుకోవలెనని మనవి. మరల దీనితో పని పడుతుంది.

1940 దశకంలో వాలీ మెన్‌కిన్ అనే శాస్త్రజ్ఞుడు శోథ కలిగిన చోట ఊరే ద్రవం నుండి జ్వరం పుట్టించే పదార్థాన్ని వేరుచేసి, దానికి ‘పైరెక్సిన్’ అని పేరు పెట్టాడు. జ్వరపు మూలం దొరికిందని అనుకున్నారు. అయితే ఆ పదార్థం బాగా వేడిచేసినా చెడలేదు. ప్రోటీనును కాచితే దాని గుణం పోతుంది. ఉడికిన కోడిగుడ్డు మళ్ళీ పచ్చిది కాదు కదా! కాచినా చెక్కుచెదరనిది అంతర్విషం. మెన్‌కిన్ చేతికి దొరికినది శరీరం పుట్టించిన పదార్థం కాదనీ, అందులో కలిసిపోయిన బాక్టీరియా విషమనీ తరువాత తేలింది. ఆయన అబద్ధమాడలేదు. ఆయన చూసిన జ్వరం నిజమైనదే. దాని కర్త వేరు.

1948లో పాల్ బీసన్ కుందేళ్ళ తెల్లకణాల నుండి మరొక జ్వరకారకాన్ని తీశాడు. వేడిచేస్తే ఇది పనిచేయటం మానివేసింది. కనుక ఇది అంతర్విషం కాదు, కణం స్వయంగా పుట్టించిన ప్రోటీను. జ్వరం పుట్టించేది మన శరీరమేనన్న వాదానికి ఇది మొదటి గట్టి సాక్ష్యం.

ఆ ప్రోటీనును శుద్ధిచేయటం మాత్రం ఎంతో కష్టమయింది. కణాలు దానిని అత్యల్పంగా మాత్రమే విడుదల చేస్తాయి. చార్లెస్ డైనరెల్లో అనే అమెరికన్ వైద్యుడు ఏళ్ళ తరబడి మానవ రక్తంలోని తెల్లకణాలతో శ్రమించి 1977లో శుద్ధమైన జ్వరకారకాన్ని ప్రకటించాడు. నానోగ్రాముల మోతాదులోనే కుందేళ్ళకు జ్వరం వచ్చింది. అది విని చాలామంది నమ్మలేదు. ఇంత స్వల్పమైన ప్రోటీను జ్వరం తేవటమేమిటి, అందులో అంతర్విషం కలిసి ఉంటుంది అన్నారు. మెన్‌కిన్‌కు జరిగినది వారెవరూ మరువలేదు. నా దృష్టిలో ఆ సందేహం న్యాయమైనదే. రక్తం నుండి తీసిన పదార్థం ఎంత శుద్ధమైనదైనా, అందులో మరేదీ లేదని నిరూపించటం దుస్సాధ్యం.

ఈ చిక్కు విడిపోయిన మార్గమే పునస్సంయోజనం. ఒక జీవి జన్యువును మరొక జీవిలో చేర్చి, ఆ రెండవ జీవిచేత మొదటి దాని ప్రోటీనును తయారుచేయించటాన్ని పునస్సంయోజన విధానమంటారు. 1973లో స్టాన్లీ కోహెన్, హెర్బర్ట్ బోయర్ దీనికి దారి తీశారు. 1978లో మానవ ఇన్సులిన్ ఈ విధంగా బాక్టీరియాలో తయారయింది. మన హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ 1997లో వెలువరించిన హెపటైటిస్-బి టీకా కూడ ఈ విధానంలోనిదే. కాకపోతే అక్కడ పనివాడు బాక్టీరియా కాదు, ఈస్టు.

1984లో ఫిలిప్ ఆరన్, డైనరెల్లో తదితరులు మానవ తెల్లకణాల నుండి ఈ ప్రోటీనుకు సంబంధించిన జన్యుసందేశాన్ని పట్టుకొన్నారు. మరుసటి ఏడు కార్ల్ మార్చ్ బృందం ఆల్ఫా, బీటా అని ఇంటర్‌ల్యూకిన్-1 రెండు రకాలుగా ఉన్నదని చూపింది. కణం దీనిని మొదట 269 అమైనో ఆమ్లాల గొలుసుగా తయారుచేస్తుంది. ఆ రూపంలో అది ఒరలోని కత్తి వంటిది. ‘కాస్పేజ్-1’ అనే ఎంజైము ముందరి 116 అమైనో ఆమ్లాలను కత్తిరించి వేస్తే మిగిలిన 153 అమైనో ఆమ్లాల ముక్క పనిలోనికి దిగుతుంది. ఆ కత్తిరింపును నడిపే ‘ఇన్‌ఫ్లమజోము’ అనే యంత్రాంగాన్ని 2002లో స్విట్జర్లాండులో యుర్గ్ చాప్ బృందం కనుగొన్నది.

ప్రయోగశాలకు తయారుచేసేటప్పుడు ఈ ఒర అవసరం లేదు. 153 అమైనో ఆమ్లాలకు తగిన జన్యుభాగాన్ని మాత్రమే ‘ప్లాస్మిడ్’ అనే వలయాకారపు డి.ఎన్.ఏ.లో అతికించి, మన ప్రేగులలో నివసించే ‘ఈ. కోలై’ బాక్టీరియాలో ప్రవేశపెడతారు. వెచ్చని పోషకద్రవంలో బాక్టీరియా దాదాపు ప్రతి 20 నిమిషాలకొకమారు రెండింతలవుతుంది. తగినంత పెరిగాక ఒక రసాయనంతో ఆ జన్యువును మేల్కొలుపుతారు. కొన్ని గంటల తరువాత కణాలను పగులగొట్టి, వడపోత స్తంభాల గుండా పంపి, విద్యుదావేశాన్ని బట్టి ఒకమారు, పరిమాణాన్ని బట్టి మరొకమారు మనకు కావలసిన ప్రోటీనును విడదీస్తారు. దాని అణుభారం సుమారు 17 వేల డాల్టన్లు. పిమ్మట ఘనీభవింపజేసి, శూన్యంలో ఆరబెట్టి, గొట్టాలలో నింపుతారు. తెల్లకణాలను ఏళ్ళ తరబడి పిండినా దొరకనిది, ఈ విధంగా కొద్ది దినాలలో దొరుకుతుంది.

1986 నాటికి ఇట్లా తయారైన ప్రోటీనును ఎక్కించి చూశారు. కుందేళ్ళకు జ్వరం వచ్చింది. లింఫోసైట్లు ఉత్తేజితమయ్యాయి. జ్వరకారకమూ, లింఫోసైటు ఉత్తేజకమూ అని వేరువేరుగా పిలిచినది ఒకే పదార్థమని రూఢి అయింది. జ్వరం వచ్చే తీరు కూడ క్రమంగా స్పష్టమయింది. ఈ ప్రోటీను రక్తనాళాల గోడలలోను, మెదడులోను ‘ప్రొస్టాగ్లాండిన్ ఇ-2’ అనే పదార్థం తయారయ్యేలా చేస్తుంది. మెదడు అడుగుభాగాన హైపొథలమస్ అనేచోట, ఇస్త్రీపెట్టె మీది వేడిమీట వంటి ఏర్పాటొకటి ఉన్నది. ప్రొస్టాగ్లాండిన్ ఆ మీటను పైకి త్రిప్పుతుంది. ఒంటి వేడి అంతవరకు చేరే దాకా మెదడుకు శరీరం చల్లగా ఉన్నట్లే తోస్తుంది. అందుకే ఒళ్ళు కాలుతున్నా మనకు వణుకు వస్తుంది. ఆస్పిరిన్ వంటి మందులు ప్రొస్టాగ్లాండిన్ తయారీని అడ్డగించి మీటను క్రిందికి దించుతాయి. 1971లో దీనిని వివరించిన జాన్ వేన్ 1982లో నోబెల్ బహుమతి గ్రహీతలలో ఒకడయ్యాడు.

ఇక్కడ పాఠకునికి ఒక సందేహం రావలెను. ఈ ప్రోటీనును తయారుచేసినది బాక్టీరియా. బాక్టీరియా పైపొరలో ఉన్నదేమో అంతర్విషం. ఆ కణాలను పగులగొట్టినప్పుడు ప్రోటీనుతోపాటు అంతర్విషమూ బయటికి వస్తుంది. రెండూ జ్వరం తెచ్చేవే. ఏ దొంగ నుండి తప్పించుకోవటానికి ఈ దారి పట్టామో, ఆ దొంగ ఇంటికే వచ్చి చేరామన్న మాట!

అందుకే ఇటువంటి ప్రోటీనును అమ్మేవారు అంతర్విషాన్ని ప్రత్యేకంగా తొలగించి, ఎంత మిగిలినదో చీటీ మీద వ్రాస్తారు. దానిని కొలిచే పద్ధతి విచిత్రమైనది. గుర్రపు నాడా ఆకారంలో ‘హార్స్‌షూ క్రాబ్’ అనే సముద్రజీవి ఉన్నది. పేరుకు పీత గాని, సాలెపురుగుకు దగ్గరి చుట్టం. మన దేశంలో ఒడిశా తీరాన కనిపిస్తుంది. దాని రక్తం నీలిరంగులో ఉంటుంది. ఇనుముకు బదులు రాగి ఉండటమే కారణం. అంతర్విషం లేశమాత్రం తగిలినా ఆ రక్తం గడ్డకడుతుంది. దీనిని గమనించినవాడు అమెరికాలోని ఫ్రెడరిక్ బాంగ్. జాక్ లెవిన్‌తో కలిసి 1960 దశకంలో పరీక్షగా మలచాడు. అంతకుముందు సూదిమందులను కుందేళ్ళకు ఎక్కించి జ్వరం వస్తుందేమో చూసేవారు. నేడు ఆ పీతనూ బాధించనవసరం లేకుండా, దాని రక్తంలోని కీలకమైన ప్రోటీనును సైతం పునస్సంయోజన విధానంలోనే తయారుచేస్తున్నారు.

ప్రోటీను సజీవంగా ఉన్నదా అన్నది మరొక పరీక్ష. ఎలుక నుండి వచ్చిన ఒక రకపు లింఫోసైటు కణాలకు దీనిని ఇచ్చి, అవి ఎంత పెరుగుతాయో చూస్తారు. మిల్లీలీటరుకు కొద్ది పికోగ్రాములు చాలును. పికోగ్రాము నానోగ్రాములో వెయ్యవ వంతు.

ఈ ప్రోటీనుతో పరిశోధకులకేమి పని అంటారా? కీళ్ళవాతం, మధుమేహం, గుండెజబ్బు వంటి అనేక వ్యాధులలో శోథకు పాత్ర ఉన్నది. శరీరంలో జరిగేదానిలో ఒక భాగాన్ని గాజుపాత్రలో జరిపించి చూడటానికి ఇది సాధనం. 1986లో డెన్మార్కు పరిశోధకులు ఇన్సులిన్ తయారుచేసే కణసముదాయాలను ఇంటర్‌ల్యూకిన్-1 నాశనం చేయగలదని చూపారు. దీనిని అడ్డుకొనే మందులూ వచ్చాయి. శరీరమే స్వయంగా తయారుచేసుకొనే ఒక నిరోధక ప్రోటీనును అనుసరించి చేసిన ‘అనకిన్రా’ 2001లో అమెరికాలో కీళ్ళవాతానికి అనుమతి పొందింది. 2017లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, గతంలో గుండెపోటు వచ్చిన 10,061 మందిలో కొందరికి ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను బంధించే ‘కనకినుమాబ్’ ఇచ్చారు. మరల గుండెపోటు, పక్షవాతం వంటివి కొంత తగ్గాయి. కాని ప్రాణాంతకమైన అంటురోగాలు కొంత పెరిగాయి. జ్వరం మనకు శత్రువు మాత్రమే కాదు గదా.

మన పూర్వ విద్యార్థిని తలపెట్టినదీ కీళ్ళనొప్పుల విషయమే. బాలింతలకూ, ఒళ్ళునొప్పులవారికీ వావిలాకు వేసి కాచిన నీళ్ళు పోయటం మన ఇళ్ళలో ఎరిగినదే. ఆమె కీలు లోపలి పొరలోని కణాలను గాజుపాత్రలో పెంచి, వాటికి ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను ఇచ్చి శోథ లక్షణాలు పుట్టించి, వావిలాకు సారం వాటిని తగ్గిస్తుందేమో చూస్తున్నది. రెండు నెలల పాటు ఫలితాలు ఆశాజనకంగా వచ్చాయి. సారం వేసిన పాత్రలలో శోథ తగ్గినట్లు అంకెలు చూపాయి. వ్యాసం వ్రాయటం కూడ మొదలుపెట్టింది.

అప్పుడు ఆమె పర్యవేక్షకులు, “ఆ ప్రోటీనును కాచి వేసి చూశావా?” అని అడిగారట. చూడలేదు. కరిగించిన ప్రోటీనులో కొంత తీసి, బాగా కాచి, చల్లార్చి కణాలకిచ్చింది. కాచిన ప్రోటీను పనిచేయరాదు. కాని కణాలు దాదాపు మునుపటివలెనే స్పందించాయి.

ఈ మాట చెప్పినప్పుడు ఆమె ముఖం చిన్నబోయింది. నాకు మెన్‌కిన్ గుర్తుకు వచ్చాడు.

తరువాత మరి రెండు పరీక్షలు చేశారు. ‘పాలిమిక్సిన్-బి’ అనే మందు అంతర్విషాన్ని పట్టి బంధిస్తుంది. ప్రోటీనును ఏమీ చేయదు. దానిని కలపగానే కణాల స్పందన చాలావరకు పడిపోయింది. రెండవది, ఇంటర్‌ల్యూకిన్‌ను అడ్డుకొనే ప్రోటీనును కలిపి చూశారు. స్పందన కొద్దిగా మాత్రమే తగ్గింది. అనగా రెండు నెలలుగా ఆమె కొలిచినదానిలో అధికభాగం అంతర్విషపు ప్రభావం. వావిలాకు సారం ఆ రెండింటిలో దేనిని తగ్గించిందో, అసలు తగ్గించిందో లేదో, ఆ అంకెలు చెప్పజాలవు.

అంతర్విషం ఎక్కడి నుండి వచ్చింది? అందరూ మొదట ఆ గొట్టాన్నే అనుమానించారు. అదే సరుకులోని తెరవని గొట్టమొకటి మిగిలి ఉండగా పరీక్షింపజేశారు. శుభ్రంగా ఉన్నది. దోషం దానిని కరిగించిన నీటిలో ఉన్నది. ప్రయోగశాలలోనే స్వేదనం చేసి, సీసాలో నిలవ ఉంచిన నీరు. “ఆటోక్లేవులో పెట్టాము గదా సార్ అనుకున్నాము” అన్నది ఆమె. 121 డిగ్రీల ఆవిరిలో బాక్టీరియాలు చస్తాయి. చచ్చిన వాటి పైపొరలు మాత్రం నీటిలోనే ఉంటాయి, విషం తరగదు. గాజుసామానునైతే 250 డిగ్రీల పొడివేడిలో అరగంట ఉంచి అంతర్విషాన్ని పోగొట్టవచ్చును గాని, నీటిని అట్లా వేడిచేయలేము. అంతర్విషరహితమని పరీక్షించిన నీటినే తెచ్చుకోవలెను. ఫ్లోరెన్స్ సైబర్ట్ యేల్ విశ్వవిద్యాలయంలో వందేళ్ళ క్రిందట పట్టుకొన్న దోషమే మన హైదరాబాదులో ఒక సీసాలో కూర్చున్నది.

వ్యాసం ప్రతిని ఆమె ప్రక్కన పెట్టింది. పర్యవేక్షకులు కోపగించలేదట, ఇకమీదట ప్రతి ప్రయోగంలోను కాచిన ప్రోటీను పాత్ర ఒకటి, ప్రోటీను లేని వట్టి నీటి పాత్ర ఒకటి, పాలిమిక్సిన్ పాత్ర ఒకటి తప్పక ఉండవలెనని మాత్రం నియమం పెట్టారట. దీనివలన పని మూడింతలయింది. విద్యార్థివేతనపు గడువు మాత్రం పెరగలేదు.

ఇటీవల ఆమె ఫోనులో మాట్లాడింది. ప్రోటీను కొత్త గొట్టం వచ్చిందట. “తెరిచావా అమ్మా?” అన్నాను.

“ఇంకా లేదు సార్. కొత్త నీటిని పరీక్షకు పంపాము. ఆ చీటీ వచ్చాక తెరుస్తాను.”